ఎక్కుడుబల్ల

క్లచ్ ప్లేటు కాలిన కంపు ముందు నాగవేణి ముక్కుకే తగిలింది. మైకు మోతలో, డప్పుల్లో, జనం ఈలల్లో పడి ఇంకెవరికీ తెలీలేదు. రోజూ ఆ ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూచుని చెరుకు లోడుతో ఫేక్టరీకి వెళ్ళే మనిషి ఆమె. బండికి ఏ రోగమొచ్చినా మొగుడు తవిటయ్యకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది.

"ఆపీ! ఓరయ్యా, ఆపీ బండి!" అని కేకేసింది.

తవిటయ్యకి వినపడలేదు. వినపడినా ఆపేవాడు కాదు. పళ్ళు బిగించి, స్టీరింగు మీదకి ఒంగిపోయి, ఎడం కాలు క్లచ్ మీద సగానికి నొక్కిపెట్టి, ముందు చక్రాలు నేల వదిలి లేస్తున్నా లెక్కచెయ్యకుండా లాగిస్తున్నాడు. నలుగురూ చూస్తుంటే మగాడికి పట్టే పిచ్చి అది. దానికి మందు లేదు.

చక్రాల్లేని చెక్కబల్లని గొలుసుతో బండికి కట్టి ఈడ్పించడం ఆ పందెం. రెండు తాటిదుంగల మీద మందపాటి పలకలు దిగ్గొట్టి చేసిన బల్ల. బయల్దేరేటప్పుడు దాని మీద నాలుగు కంకర బస్తాలే ఉంటాయి. నేల మీద సున్నంతో గీసిన గీత వచ్చిన చోటల్లా పక్కన కాసుకున్న ఇద్దరు మనుషులు దాని మీదకి గెంతుతారు. గీత గీతకీ బరువు పెరుగుతుంది. ఎవడి బండి ఎక్కువ గీతలు దాటితే వాడిది పందెం. అందుకే దాన్ని ఎక్కుడుబల్ల అంటారు. చోడవరం పొలిమేరలో గట్టమ్మతల్లి జాతరకి, అక్కడివాళ్ళ మాటలో తీర్థానికి, ఎడ్లబళ్ళ పందేలు మానిపించి ఈ ట్రాక్టర్ల పందెం తెచ్చిపెట్టినవాడు గణపతిరావు. తీర్థం కమిటీకి ప్రెసిడెంటు ఆయనే. మెయిన్‌రోడ్డులో ట్రాక్టరు స్పేరుపార్టుల కొట్టూ ఆయనదే. పందెం రక్తికట్టాలని పొలం మధ్యలో నేల దున్నించి, నీళ్ళు తోడించి, బురద చేయించిందీ ఆయనే.

బల్లెక్కే మనుషుల్ని కమిటీయే పెడుతుంది. అక్కడుంది అసలు కిటుకు. అంతకు ముందు గణపతిరావు మేనల్లుడు కళ్యాణ్ లాగినప్పుడు గీత గీతకీ ఎక్కినవాళ్ళు గాలేస్తే ఎగిరిపోయే కాలేజీ కుర్రాళ్ళు. తవిటయ్య బండి దగ్గరికొచ్చేసరికి ఎక్కింది దాసు, వాడి వెనకాల వాడి ముఠా. చెరుకు మోపులు లోడుకెత్తే మనుషులు, ఒక్కొక్కడూ ఒక్కో దూలం. నాగవేణి కళ్ళారా చూసింది. దాసు ఆమెకి తమ్ముడి వరస, అక్కని పిలిచినట్టు అప్పా అని పిలుస్తాడు. బల్ల మీదకి గెంతేముందు ఒకసారి ఆమె వైపు చూసి తల దించుకున్నాడు. తల దించుకునే గెంతేడు.

నాలుగో గీత దగ్గర, బురదలో, బండి నిలబడిపోయింది. ఇంజను అరుస్తోంది గాని చక్రం తిరగదు. కిందనుంచి పొగ లేచింది. అప్పుడు అందరికీ వాసన తెలిసింది.

"తవిటయ్యగారి బండి అవుట్!" అన్నాడు గణపతిరావు మైకులో. "చప్పట్లు కొట్టండి బాబూ, పాపం కష్టపడ్డారు. ఒక్క మాట. ఎంట్రీ ఫీజు రెండొందలు కట్టినవారు మళ్ళీ నా దగ్గరికి రాకండి. గెలిచినా ఓడినా ఫీజు వెనక్కివ్వబడదు. అది నా సొమ్ము కాదు, అమ్మవారి సొమ్ము."

జనం నవ్వేరు. చప్పట్లు కొట్టేరు కూడా. నాగవేణికి ఒళ్ళు మండిపోయింది.

బండిని ఇంటికి చేర్చడానికి ఎవరివో రెండు జతల ఎడ్లు తేవలసొచ్చింది. ట్రాక్టరుని ఎడ్లు లాగడం చూడ్డానికి పిల్లలంతా వెనకబడ్డారు. తవిటయ్య స్టీరింగు పట్టుకుని తలెత్తకుండా కూచున్నాడు.

"ఐదో గీత దాటీసుదునే. దాసుగాడు దెబ్బకొట్టీసేడు గాని" అన్నాడు ఇంటి గుమ్మంలో.

"నోరు ముయ్యి. రెండొందలెట్టి కొనితెచ్చుకున్నావు ఈ దెబ్బ" అంది నాగవేణి.

*

చెరుకు సగం కోసి పొలంలో పడి ఉంది. ఫేక్టరీవాళ్ళిచ్చిన కటింగార్డరు సోమవారంతో ఆఖరు. ఆలోగా చెరుకు బండి ఫేక్టరీ కాటా లైన్లోకి చేరకపోతే మళ్ళీ ఆర్డరు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. కోసిన చెరుకు ఎండలో పడుంటే పూటపూటకీ తేలికైపోతుంది. ఏడాది పొడుగునా నీరెట్టి, ఎరువెట్టి, పందుల్ని తోలి కాపాడిన పంట. ఆ చెరుకు ఫేక్టరీకి చేరితేనే ఆ ఏడు ఇల్లు గడుస్తుంది.

శనివారం పొద్దున్నే మెకానిక్కు వచ్చి, బండిని నడుం దగ్గర విడదీసి రెండు ముక్కలు చేసి, దిమ్మల మీద నిలబెట్టి, మాడిపోయిన ప్లేటు తీసి నాగవేణి చేతిలో పెట్టేడు.

"కొత్తది పట్రా అప్పా. ఎంతసేపు, ఎక్కించీస్తాను."

ఆ ప్లేటుని పేపర్లో చుట్టుకుని చోడవరం వెళ్ళింది. గణపతిరావు అప్పుడే కొట్టు తెరిచి, పటాలకి అగరొత్తులు తిప్పుతున్నాడు. పేపరు విప్పి ప్లేటు చూసి, చచ్చిపోయినవాళ్ళని చూసినట్టు నాలిక చప్పరించేడు.

"అయ్యయ్యో, ఎంతపని జరిగిందమ్మా! నేను తవిటయ్యకి చెప్తూనే ఉన్నాను, బండి పాతది, వద్దయ్యా అని."

చెప్పలేదు. ఇంటికొచ్చి, అరుగు మీద కూచుని, మజ్జిగ తాగి మరీ పేరు రాసుకెళ్ళినవాడు అతనే. మనూరి బళ్ళే రాకపోతే అమ్మవారికి కోపమొస్తుంది అన్నవాడూ అతనే. నాగవేణికి ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగింది. అవసరం తనది.

"ప్లేటు కావాల బాబూ."

"లేదు తల్లీ. స్టాకు మొత్తం అయిపోయింది. తీర్థం వెళ్ళాక రా, చూద్దాం."

"తీర్థం వెళ్ళేక నాకెందుకు బాబూ? సోమారంతో ఆర్డరు అయిపోతాది. చెరుకు కోసీసి ఉంది."

"అదే ఆలోచిస్తున్నాను." గణపతిరావు అగరొత్తి నుసి దులిపేడు. "పోనీ, మన కొత్తబండి పంపిస్తాలే. రేపు సాయంత్రం దాంతో అమ్మవారి లాగు అయిపోతుంది కదా, సోమవారం తెల్లారేసరికి కళ్యాణ్ నీ పొలంలో ఉంటాడు. అద్దె మాత్రం రెట్టింపమ్మా. తీర్థం రోజులు, డ్రైవర్లు దొరకరు. నీకు కాబట్టి ఇస్తున్నాను."

సరేనంది. అనక ఏం చేస్తుంది? మాడిపోయిన ప్లేటు మళ్ళీ పేపర్లో చుట్టుకుని బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే వెనకనుంచి, "దిగులుపడకమ్మా, అమ్మవారుంది" అన్నాడు గణపతిరావు.

తవిటయ్య ఆ పొద్దున్నే బస్సెక్కి అనకాపల్లి వెళ్ళేడు, అక్కడన్నా దొరుకుతుందేమోనని. మధ్యాహ్నం దాటేక తిరిగొచ్చేడు. చేతిలో ఏమీ లేదు. చెప్పులిప్పి అరుగు మీద చతికిలబడ్డాడు.

"ఏటయ్యా? దొరకలేదా?"

"మూడు కొట్లు తిరిగేను. మన సైజు ప్లేట్లు ఒక్కటీ లేవు. వైజాగు నుంచి తెప్పించాలంటే వారం పడతాదన్నారు." ఆగేడు. "ఆఖరి కొట్టాయన నవ్వేడే. మీది చోడవరమా, తీర్థంలో కాలిందా అనడిగేడు. ఔనంటే, మీ గణపతిరావు మొన్నొచ్చి ఆ ప్లేట్లన్నీ పెట్టెలకి పెట్టెలు పట్టుకుపోయేడు, ఏటా తీర్థానికి ముందు ఇంతే, మా దగ్గర ఒక్కటీ మిగల్చడు అన్నాడు."

నాగవేణి చెరుగుతున్న చేట కింద పెట్టింది.

అంటే ప్లేట్లు కొట్లోనే ఉన్నాయి. బురద చేయించేవాడు వాడే, దూలాల్లాంటి మనుషుల్ని ఎక్కించేవాడు వాడే, కాలిపోయాక అమ్మేవాడూ వాడే. తీర్థంలో అడ్డమైన రేటు పెడితే కొందరికి దొరుకుతాయి. కటింగార్డరు మెడ మీదున్నవాళ్ళకి మాత్రం దొరకవు, ఎందుకంటే వాళ్ళు రెట్టింపు అద్దెకి బండి కట్టుకుంటారు. పోయినేడు పక్కపొలం ఏసుపాదం ఇలాగే ప్లేటు దొరక్క, ఆర్డరు తప్పిపోయి, ఆఖరికి ట్రాక్టరుని ఆ గణపతిరావుకే అమ్ముకున్నాడు. ఫీజు రెండొందలు ఒక లెక్కా? ఆ రెండొందలు ఎలక్కి పెట్టిన ఎర.

"సచ్చినోడు" అంది నాగవేణి. "అగరొత్తి తిప్పతా సెప్పేడు, లేదని. అమ్మవారి పటం ముందర నిలబడి సెప్పేడు."

"పోనీలే, బండి పంపిస్తానన్నాడు గదా."

"పోనిస్తానా? నీకు సిగ్గు లేకపోతే నాకుంది."

*

దాసు ముఠా ఆమె పొలంలోనే చెరుకు కోస్తోంది. సాయంత్రం నాగవేణి కుండతో చోడంబలి, ఉల్లిపాయలు పట్టుకెళ్ళింది. అందరికీ పోసింది. దాసుకీ పోసింది. వాడు గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా కూచున్నాడు.

"తాగరా. విషం కలపలేదు."

"అప్పా..."

"బల్లెక్కినందుకు ఏటిచ్చేడ్రా ఆడు?"

దాసు గ్లాసులోకి చూసేడు. "బిర్యానీ పొట్లం. ఓ క్వార్టరు సీసా."

"నా పంట ఖరీదు అదన్నమాట. బిర్యానీలో కోడిగుడ్డుందా?"

ముఠాలో ఎవడో కిసుక్కున నవ్వి, దాసు చూపు చూసి ఆపేడు. దాసు చెరుకు కత్తి కింద పెట్టేడు.

"ఎక్కమన్నాడు, ఎక్కేను. ఎక్కనంటే ఆడి బళ్ళకి లోడింగు మాకివ్వడు. నీ చెరుకు కాటా ఎక్కకపోతే మాకు కూలెలాగొస్తాది అని ఎక్కీసేకే బుర్రకి తట్టింది. తిట్టప్పా. చెప్పుచ్చుకు కొట్టు."

"నిన్ను కొట్టి నాకేటొస్తాది? రేపు మళ్ళీ బల్లెక్కు."

"మళ్ళీనా?"

"అమ్మవారి లాగుకి."

దాసుకి అర్థం కాలేదు. అమ్మవారి లాగంటే పందెం కాదు. తీర్థం ఆఖరిపూట అమ్మవారి ఘటాన్ని ఎక్కుడుబల్ల మీద పెట్టి, ప్రెసిడెంటు బండికి కట్టి, పొలం ఈ కొస నుంచి గుడి దాకా లాగుతారు. మొక్కున్నవాళ్ళెవరైనా పళ్ళెంలో పది రూపాయలేసి బల్లెక్కొచ్చు. ఆ పది రూపాయలు పెట్టిందీ గణపతిరావే. ఏటా నలుగురు ముసలమ్మలు, ఇద్దరు ముగ్గురు చంటిపిల్లల తల్లులు ఎక్కుతారు, అంతే. ఎక్కినవాళ్ళని మాత్రం ఎవరూ దిగమనకూడదు. ఘటం పక్కనుంచి మనిషిని దింపితే ఊరికి అరిష్టమని తాతలనాటి కట్టుబాటు. ఎడ్లు లాగే రోజుల్నుంచీ ఉంది.

నాగవేణి వాడి ముఠాని ఒక్కొక్కణ్ణీ తూకమేసినట్టు చూసింది. దాసు మొహంలో నెమ్మదిగా తెల్లారింది.

"ఓలమ్మో" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయేడు. "అప్పా, సోమారం నీ చెరుకు తోలాల్సింది ఆ బండే గదా?"

"ఆ బండే."

"అది పోతే మరి నీ చెరుకు?"

"ఎండిపోద్ది." చెరుకు మోపుల వైపు చూసి మళ్ళీ అంది. "ఎండనీ. రెట్టింపు అద్దె కట్టి ఆడి బండి మీద తోలించుకుంటే ఈ ఏడు గడుస్తాది. మళ్ళీ ఏడూ ఆడి కొట్టు ముందే నిలబడాల. ఒక్కేడు గంజి తాగుతాను గాని ఈ కడుపుమంటతో బతకలేన్రా."

గట్టు అవతల గడ్డి కోస్తున్న ఏసుపాదం లేచి నిలబడ్డాడు. మాటలన్నీ విన్నాడు. పోయినేడు తీర్థం పందేనికి వెళ్ళినందుకు పాస్టరుగారు అతనితో నెల్లాళ్ళు మాట్లాడలేదు. బండీ పోయింది, పరువూ పోయింది.

"నేను మొక్కుకి ఎక్కకూడదమ్మా, నాగవేణీ" అన్నాడు. కొడవలి నడుంకి దోపుకున్నాడు. "బరువుకైతే ఎక్కొచ్చు. దానికి మా మతంలో అడ్డేం లేదు."

ఆ రాత్రి సంగతి విని తవిటయ్య గుండెలు బాదుకున్నాడు. "అమ్మవారి లాగుకి అడ్డుపడతావేటే? కళ్ళు పోతాయి. ఉన్నదీ పాయె ఉంచుకున్నదీ పాయె అవుతాది."

"అమ్మవారి పక్కన కూచోడానికి టిక్కెట్టు పెట్టినోడికి పోని కళ్ళు నాకెందుకు పోతాయి?" అంది నాగవేణి. "నువ్వూ ఎక్కుతన్నావు. పది రూపాయలు నేనిస్తాను."

*

ఆదివారం సాయంత్రం ఎండ వాలేక ఘటం వచ్చింది. పసుపు నీళ్ళు, వేపమండలు, డప్పులు. పూజారి ఘటాన్ని బల్ల మధ్యలో పెట్టి పట్టుకు కూచున్నాడు. ముందు గణపతిరావు కొత్తబండి. బంతిపూల దండలు, బోనెట్టుకి పసుపు బొట్లు, సీటు మీదింకా ప్లాస్టిక్ కాగితం తియ్యలేదు. కళ్యాణ్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని స్టీరింగు మీద చెయ్యేసి కూచున్నాడు. మైకు గణపతిరావు చేతిలో ఉంది, ఇత్తడి పళ్ళెం ఆయన పక్కనున్న స్టూలు మీద ఉంది.

"మొక్కున్నవాళ్ళంతా ఎక్కండి బాబూ! సిగ్గుపడకండి! అమ్మవారి పక్కన చోటు మళ్ళీ ఏడాది దాకా దొరకదు! చేతికొద్దీ దక్షిణ, పది రూపాయలకి తగ్గకుండా!"

ఎప్పట్లాగే ముసలమ్మలెక్కేరు. వాళ్ళ వెనక నాగవేణి వచ్చింది. పసుపు చీర కట్టుకుంది. పళ్ళెంలో పదికాగితం వేసి, గణపతిరావుకి దణ్ణం పెట్టి, బల్లెక్కి ఘటం పక్కన బాసింపట్టేసుకు కూచుంది. తర్వాత తవిటయ్య, ఎవరి మొహమూ చూడకుండా. తర్వాత దాసు. దాసు వెనక వాడి ముఠా, ఒకడి తర్వాత ఒకడు, తలకి తుండుగుడ్డలు చుట్టుకుని, ప్రతివాడూ పళ్ళెంలో పది వేసి మరీ.

"భక్తి పెరిగింది బాబూ, ఈ ఏడు భక్తి పెరిగింది!" అన్నాడు గణపతిరావు మైకులో. పళ్ళెం నిండుతోంది. నోట్లు ఎగిరిపోకుండా మీద కొబ్బరికాయ పెట్టేడు.

కళ్యాణ్ వెనక్కి తిరిగి చూసేడు. "మావయ్యా, ఎక్కువైపోతన్నారు."

గణపతిరావు మైకుకి చెయ్యి అడ్డం పెట్టేడు. "కొత్తబండిరా, ఏం కాదు. పళ్ళెం చూడు."

అప్పుడొచ్చేడు ఏసుపాదం. అతని వెనక రోలుగుంట వైపు నుంచి, రావికమతం వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఒక్కొక్కరూ ఏదో ఒక ఏడు ఆ బురదలో ప్లేటు కాల్చుకున్నవాళ్ళే. దాసు ముఠా పొద్దుటనుంచీ టీకొట్ల దగ్గర చెవిలో చెవిలో చెప్పుకుంటూ తిరిగింది. వాళ్ళూ ఎక్కేరు, వాళ్ళ పెళ్ళాలూ ఎక్కేరు. బల్ల మీద నిలబడ్డానికి చోటు లేక ఒకరి భుజాలొకరు పట్టుకున్నారు. ఏసుపాదాన్ని చూసేసరికి గణపతిరావు చేతిలో మైకు కిందికి దిగింది.

"నువ్వేంటయ్యా ఇక్కడ? మీవాళ్ళు ఎక్కరు కదా."

"దక్షిణేసేనండి" అన్నాడు ఏసుపాదం. "రసీదు అక్కర్లేదు."

గణపతిరావుకి విషయం అప్పుడు తెలిసింది. బల్ల మీది మొహాలన్నీ ఒకసారి చూసుకున్నాడు. అందరూ తనకి తెలిసిన మొహాలే, అందరూ తన కొట్టు ముందు నిలబడినవాళ్ళే. ఆయన మొహంలో నెత్తురు దిగిపోవడం నాగవేణి ఘటం పక్కనుంచి చూసింది. కడుపు నిండినట్టనిపించింది.

"దాసూ, నీకేం మొక్కురా?"

"మొన్న బల్లెక్కి పాపం చేసేను బాబూ. మళ్ళీ ఎక్కి కడుక్కుందామని."

"కొంచెం... కొంతమంది దిగితే బాగుంటుంది. బండి..."

"ఎవుర్ని దిగమంటన్నావు నాయనా, ఘటం పక్కన?" అంది బల్ల మీద ముందునుంచీ ఉన్న ముసలామె నరసమ్మ. ఆమెకి ఈ గొడవేమీ తెలీదు. నిజంగానే భయపడి అడిగింది. జనంలో గుసగుస మొదలైంది. పూజారి కూడా తలెత్తి గణపతిరావు వైపు చూసేడు.

కళ్యాణ్ గేరేసేడు. కుర్రాడికి పౌరుషం. జనం ముందు దిగిపోతాడా? బల్ల కదిలింది. మొదటి గీత దాటింది, డప్పులు జోరందుకున్నాయి. రెండో గీత దగ్గర బండి మూలిగింది. మూడో గీత దాటేక దుంగలు బురదలోకి దిగేయి. ప్రెసిడెంటుగారు దున్నించిన బురదే, ప్రెసిడెంటుగారు తోడించిన నీళ్ళే. కళ్యాణ్ ఎడం కాలు క్లచ్ మీద సగానికి నొక్కిపెట్టేడు, తవిటయ్య నొక్కినట్టే. ఇంజను గోలపెట్టింది. చక్రాలు ఆగేయి.

వాసన వచ్చింది. నాగవేణి కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చుకుంది. ఘటం ముందు వేసిన సాంబ్రాణి కన్నా ఆ వాసనే ఆమెకి బాగుంది. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు గాని, బాగుంది.

బల్ల మీదివాళ్ళెవరూ కేకలెయ్యలేదు, నవ్వలేదు. పూజారి ఘటం లేవనెత్తితే నాగవేణి తలకి చుట్టకుదురు పెట్టుకుంది. బల్ల మీద లాగడం మొదలుకాకముందు ఆడవాళ్ళు నెత్తి మీదే మోసేవారు. బురదలో పాదాలు కూరుకుంటుంటే నెమ్మదిగా నడిచి గుడి మెట్ల దాకా మోసి దింపింది. వెనక జనమంతా వచ్చేరు. పొలం మధ్యలో పూలదండల బండి ఒక్కటీ మిగిలింది.

ఆమె తిరిగొచ్చేసరికి, ముందే వెనక్కొచ్చిన జనం కళ్యాణ్ చుట్టూ మూగి ఉన్నారు. ఆటపట్టిస్తున్నారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఎవరో అంటున్నారు. నాగవేణికీ నాలిక దురద పుట్టింది.

"అయ్యో బాబూ, ఎంతపని జరిగిందీ! ప్లేట్లు ఎక్కడా లేవు గదా. వైజాగు నుంచి రావాలంటే వారం. దిగులుపడకు, అమ్మవారుంది."

కళ్యాణ్ నల్లకళ్ళద్దాలు తీసీసేడు. మొహం కందిపోయింది.

"మాకేంటి వారం? మాకేం కర్మ? మా కొట్లో పెట్టెలకి పెట్టెలున్నాయి ప్లేట్లు!"

గణపతిరావు "ఒరే" అన్నాడు. ఆలస్యమైపోయింది.

ఒక్కసారిగా నవ్వులు ఆగిపోయేయి. మొన్నటికి మొన్న లేదనిపించుకుని వెళ్ళినవాళ్ళు ఆ గుంపులో ఎంతమందో. ఏసుపాదం గణపతిరావు వైపు చూసేడు. పోయినేడు తను ఆ కొట్టు మెట్ల మీద మూడు పూటలు కూచున్న సంగతి అతని కళ్ళలో కనిపించింది.

ఇది నాగవేణి అనుకున్నది కాదు. చెరుకు మీద ఆశ వదిలేసుకుని బల్లెక్కిన మనిషి. కొంగు బిగించింది.

"పదండి బాబూ" అంది గణపతిరావుతో. "కొట్టు తెరుద్దురు గాని. ముందడిగినోళ్ళకి ముందు."

"రేపు పొద్దున్న..."

"ఇప్పుడే" అన్నాడు దాసు. గొంతు పెంచలేదు. వాడి వెనక ముఠా నిలబడి ఉంది.

కొట్టు వెనకగదిలో, గోనెసంచుల కింద ఉన్నాయి పెట్టెలు. గణపతిరావు తనే వంగి తీసేడు. నూనెకాగితంలో చుట్టిన ప్లేటు చేతికి తీసుకుని, నాగవేణి, తవిటయ్య ఇంటికెళ్ళి డబ్బుతో పాటు తెచ్చిన పాత ప్లేటుని పక్కన పెట్టి కొలిచి చూసుకుంది. సరిపోయింది. పెట్టె మీద అచ్చేసిన ధర ఎంతుందో అంతే గల్లాపెట్టె మీద పెట్టింది. గణపతిరావు ఆ డబ్బు ముట్టుకోలేదు, కాదనీ అనలేదు. ఆమె వెనక వరసలో ఇంకా మనుషులున్నారు.

"తీర్థం వెళ్ళాక రమ్మన్నాను కదమ్మా" అన్నాడు చివరికి, నీరసంగా.

"వెళ్ళిపోయింది బాబూ తీర్థం" అంది నాగవేణి.

*

సోమవారం ఎండెక్కే వేళకి పాత ట్రాక్టరు మళ్ళీ మూలుగుతూ రోడ్డెక్కింది. వెనక ట్రక్కు నిండా చెరుకు, చెరుకు మీద దాసు, వాడి ముఠా. నాగవేణి మడ్‌గార్డు మీద తన చోట్లో కూచుంది. తవిటయ్య క్లచ్ మీద కాలు పసిబిడ్డ మీద వేసినంత జాగ్రత్తగా వేస్తున్నాడు.

తీర్థం పొలం దగ్గర గట్టు మీద గణపతిరావు నిలబడి ఉన్నాడు. లాల్చీ అంచుకి బురద. వెనకాల కొత్తబండి బురదలో కూరుకుపోయి ఉంది, బంతిపూలు వాడిపోయేయి. ఎడ్లు కట్టి లాగించి చూసేడట, కదల్లేదట. ఉన్న రెండో బండి మాడుగుల వైపు అద్దెకి పోయింది. బురదలో ఉండగా బండి విప్పనని మెకానిక్కు చెప్పీసేడు. కళ్యాణ్ మొహం చెల్లక బస్సెక్కి ఎటో పోయేడు.

చెయ్యెత్తేడు. తవిటయ్య అలవాటుకొద్దీ బండి ఆపేడు.

"అమ్మా నాగవేణమ్మా, ఒక్క లాగు. రోడ్డు దాకా లాగిపెడితే చాలు. షెడ్డుకి నేను చూసుకుంటాను."

నాగవేణి కింద నిలబడ్డ మనిషిని తీరిగ్గా చూసింది. మజ్జిగ తాగుతూ పేరు రాసుకున్న చెయ్యి, అగరొత్తి తిప్పిన చెయ్యి.

"ఎంట్రీ ఫీజు రెండొందలు బాబూ."

గణపతిరావు నవ్వాలని చూసేడు. ఆమె నవ్వలేదు. చెరుకు మీదనుంచి దాసు, "చప్పట్లు కొట్టండి బాబూ" అన్నాడు, ముఠా చప్పట్లు కొట్టింది. గణపతిరావు లాల్చీ జేబులోంచి రెండు కాగితాలు తీసి అందించేడు. నాగవేణి వంగి అందుకుని బొడ్లో దోపుకుంది.

"కాటా అయ్యేక సూద్దాం" అంది.

"ఎప్పుడవుతుందమ్మా? ఫేక్టరీ దగ్గర లైను..."

"పెద్ద లైనే. రేపవుతాదో, ఎల్లుండవుతాదో."

"అయితే ఆ డబ్బు..."

"గెలిచినా ఓడినా ఫీజు వెనక్కివ్వబడదు బాబూ. మీకు తెలీనిదా?"

తవిటయ్య గేరేసేడు. బండి కదిలింది. కొంతదూరం వెళ్ళేక, అద్దంలో గట్టు మీది మనిషి చిన్నగా అయిపోయేక, తవిటయ్య మెల్లిగా అడిగేడు.

"నిజంగా వొస్తామేటే, ఆడి బండి లాగడానికి?"

"నువ్వు ముందు సూసి నడుపు" అంది నాగవేణి.